పొగాకు బేలునకు రేడియో చీటీ

పొదిలి, కనిగిరి వేలము కేంద్రములలో అమ్ముడుపోయిన వర్జీనియా పొగాకు బేలు మరల రైతు కంటబడదు. అది గిడ్డంగిలో ఇతరుల బేళ్లతో కలియును. కర్మాగారమున ఆకునుండి ఈనె వేరుచేయబడి, పెట్టెలకెక్కి విదేశములకు పోవును. అచ్చట పురుగుమందు శేషము గాని, ప్లాస్టిక్ పోగు గాని కనబడినచో తప్పెవరిది? మూలము తెలియనిచో అపకీర్తి ప్రాంతమంతటికిని వచ్చును. శుభ్రముగా పండించినవాడును ధరలో నష్టపడును.

పొగాకు బోర్డు మన రాష్ట్రమున 1985లో వేలము ప్రారంభించెను. అచ్చట ప్రతి బేలునకును బరువు, ధర వేర్వేరుగా నమోదగును. అయితే కాగితపు చీటీ చిరుగును, అంకె చెరుగును. ఒక్కొక్కదానినే కంటికెదురుగా నుంచి చదువవలెను. ఈ లోపమును తీర్చగలది ఆర్.ఎఫ్.ఐ.డి. యనబడు రేడియో చీటీ.

ఇందు మిక్కిలి చిన్న చిప్పును, సన్నని లోహపు యాంటెన్నాయు నుండును. సాధారణ రకమునకు బ్యాటరీ అక్కరలేదు. చదువు యంత్రము పంపు రేడియో తరంగములనుండియే శక్తిని గ్రహించి చిప్పు తన సంఖ్యను తిరిగి పంపును. జాతీయ రహదారుల టోలు కేంద్రములలో 2021 ఫిబ్రవరి నుండి తప్పనిసరి చేసిన ఫాస్టాగ్ ఈ జాతిదే. బండిలోని పెక్కు బేళ్లను దింపకయే కొద్ది క్షణములలో గుర్తింపవచ్చును. అయితే తేమయు, లోహమును తరంగములను అడ్డగించును గనుక చీటీ అంటించు చోటును పరీక్షించి నిర్ణయింపవలెను.

అసలు చిక్కు బేలు విప్పినచోట గలదు. అచ్చట పలువురి ఆకు కలియును; చీటీ పని అంతటితో ముగియును. కావున ఏ బేళ్లు ఏ గంటకు యంత్రమున బడినవో కర్మాగారమువారు వ్రాసి, తయారైన పెట్టెకు క్రొత్త చీటీ అంటించి, ఆ రెండు లెక్కలను ముడివేయవలెను. అట్లు చేసినను పెట్టెనుండి వెనుకకు వెదకినపుడు తేలునది ఒక్క రైతు కాదు. ఆ గంటలో కలిసిన బేళ్ల రైతులందరును.

వారిలో నిర్దోషిని కాపాడునది అతని చేతి లెక్కయే. చీటీ సంఖ్యను చెప్పును గాని ఆకు గుణమును చెప్పజాలదు. కనుక సభ్యులు కొట్టిన మందు పేరు, మోతాదు, తేదీ, ఆకు కోసిన దినము, కాల్చిన బ్యారన్, కట్టిన బేలు సంఖ్య వెంటవెంటనే పుస్తకమున వ్రాసికొని, మందుల రసీదులను భద్రపరుపవలెను. రేడియో చీటీ ఎప్పుడు వచ్చినను, ఈ పుస్తకము లేనివానికి అది సాక్షి కాజాలదు.