నౌపక్టసు: ఓడలు కట్టిన ఊరు

ఊరి పేరు ఊరక పుట్టదు. చెరువును బట్టియో, చెట్టును బట్టియో, అచటివారి వృత్తిని బట్టియో జనులు ఊళ్లకు పేరులు పెట్టుదురు. గ్రీసు దేశమున నౌపక్టసు అను ప్రాచీనమైన రేవుపట్టణము కలదు. దాని పేరు వృత్తిని బట్టి వచ్చినదే.

గ్రీకు భాషలో 'నౌస్' అనగా ఓడ. సంస్కృతమున 'నౌః' అన్నను ఓడయే. ఈ రెండును ఒకే మూలభాషనుండి పుట్టిన సోదరపదములని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనము వాడు నావ, నౌక అను మాటలు సంస్కృతమునుండి వచ్చినవే. పేరులోని రెండవ భాగమునకు బిగించి కూర్చుట అని అర్థము. కావున నౌపక్టసు అనగా 'ఓడలు కట్టు చోటు'.

ఈ పట్టణము కొరింథు సింధుశాఖకు ఉత్తరపు ఒడ్డున, దాని ముఖద్వారమునకు సమీపమున ఉన్నది. ఎదుటి ఒడ్డున ఉన్నది పెలొపొనీససు ద్వీపకల్పము. ముఖద్వారము వెడల్పు సుమారు 2 కిలోమీటర్లు మాత్రమే. అందుచే ఈ రేవు ఎవరి వశమున ఉండునో, వారికి వచ్చిపోవు ఓడలను అడ్డగించుట సులభము. పూర్వము హెరాక్లీసు వంశీయులు పెలొపొనీససును జయింపగోరి, ఇచటనే ఓడలు కట్టించుకొని ఆవలి ఒడ్డునకు దాటిరని గ్రీకుల ఐతిహ్యము.

పెలొపొనీససులో మెసీనియా అను సీమ కలదు. స్పార్టావారు దానిని జయించి, అచటి జనులను తమ పొలములలో బానిసలుగా చేసి పని చేయించుకొనిరి. క్రీ. పూ. 464 ప్రాంతమున గొప్ప భూకంపము వచ్చి స్పార్టా పాడుపడగా, మెసీనియనులు తిరుగబడి ఇథోమీ కొండపై ఏండ్ల తరబడి పోరాడిరి. తుదకు, మరల పెలొపొనీససులో అడుగు పెట్టరాదను షరతుపై వారు ప్రాణములతో విడువబడిరి. ఆలుబిడ్డలతో నిలువ నీడలేక వెడలిన ఆ జనులకు ఏథెన్సువారు నౌపక్టసును నివాసముగా ఇచ్చిరి.

వారు ఆ మేలు మరువలేదు. క్రీ. పూ. 429లో ఏథెన్సు నావికాధిపతి ఫోర్మియో 20 ఓడలతో ఈ రేవును కాచుచుండగా, శత్రువుల 77 ఓడలు వచ్చి పడినవి. ఏథెన్సు ఓడలు కొన్ని ఒడ్డునకు తరుమబడెను. శత్రువులు వానిని లాగుకొని పోవుచుండగా, తీరమున ఉన్న మెసీనియనులు కవచములతోనే సముద్రములోనికి దిగి, ఓడలపైకెక్కి పోరాడి, కొన్నింటిని విడిపించిరి. ఆ దినమున తుదకు ఏథెన్సువారే గెలిచిరి.

తరువాత కొంతకాలమునకు ఒలింపియాలో మెసీనియనులును నౌపక్టసువారును కలిసి విజయదేవత విగ్రహమును ప్రతిష్ఠించిరి. పయోనియసు అను శిల్పి చెక్కిన ఆ విగ్రహము 1875లో త్రవ్వకములలో బయల్పడినది. దాని పీఠముపై పోగొట్టుకొన్న దేశము పేరును, ఆశ్రయమిచ్చిన ఊరి పేరును ప్రక్కప్రక్కనే చెక్కబడి ఉన్నవి.

క్రీ. పూ. 404లో ఏథెన్సు ఓడిపోయెను. పిమ్మట స్పార్టావారు మెసీనియనులను నౌపక్టసునుండియు వెడలగొట్టిరి. కొందరు సిసిలీకి, కొందరు ఆఫ్రికా తీరమునకు పోయిరి. క్రీ. పూ. 369లో థీబ్సు సేనాని ఎపమినోండాసు స్పార్టా బలము నణచి, మెసీనియాలో క్రొత్త నగరము కట్టించి, చెదరిన వారిని రావించెను.

మధ్యయుగమున వెనీసువారు ఈ రేవును లెపాంటో అనిరి. 1571లో తురుష్కులకును క్రైస్తవ రాజ్యములకును జరిగిన గొప్ప నౌకాయుద్ధము ఆ పేరుననే ప్రసిద్ధమైనది. అయినను గ్రీకులు తమ పాత పేరును విడువలేదు. నేటికిని దానిని నాఫ్పక్టొస్ అనియే పిలుతురు. ఓడలు కట్టిన ఊరు ఒకప్పుడు ఒడ్డు లేని జనులకు ఒడ్డు చూపినది.