కొండెక్కిన ఏటి బంగారం

శ్రావణీ,

కొండ ఏట్లో బంగారం ఎక్కడ నిలుస్తుందని అడిగావు. మీ నాయనమ్మ బియ్యం గాలించడం చూశావుగా? నీళ్లతో బియ్యం జారిపోతాయి, రాళ్లు గిన్నె అడుగున ఉండిపోతాయి. ఏరు చేసే పనీ అదే. పలుగురాయి ఇసుక నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువైతే, బంగారం 19 రెట్లు. ప్రవాహం కొంచెం మందగిస్తే చాలు, మొదట కూలబడేది అదే. అందుకే వంపు లోపలి ఒడ్డు, పెద్ద బండ వెనక, ఇరుకు దాటి ఏరు వెడల్పయ్యే చోటు వెతకమంటారు. అక్కడ దొరికేది చాలావరకు నలుసే అనుకో. పెద్ద వరదలకు గులకరాళ్ల మేట అంతా కదిలినప్పుడు బంగారం సందుల్లోంచి దిగి దిగి అడుగుబండ పగుళ్లలో ఇరుక్కుంటుంది. ఓపిక ఉన్నవాడు అంతవరకూ తవ్వుతాడు.

ఇంతవరకు పుస్తకాల్లోనూ ఉంటుంది. నువ్వు ముఖ్యంగా గమనించాల్సింది ఇప్పటి ఏటిని కాదు, పాత ఏటిని.

కాలిఫోర్నియా సంగతి తీసుకో. 1848 జనవరిలో కొలోమా దగ్గర రంపపు మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్‌కు బంగారం కనిపించింది. ఎగబడి వచ్చిన జనం ముందు ఏర్లన్నీ గాలించారు. తర్వాత తెలిసింది, గుట్టల మీద కూడా బంగారమున్న గులకరాళ్ల మేటలున్నాయని! సుమారు 4 కోట్ల ఏళ్లకు పూర్వం సియెర్రా నెవాడాలో పారిన నదుల మేటలవి. తరవాత అగ్నిపర్వతాల బూడిద, లావా వాటిని కప్పేశాయి. కొత్త ఏర్లు లోతుగా కోసుకుపోతే పాత నదీగర్భం మిట్టన మిగిలింది. అది విరిగి జారిన చోటల్లా కింది ఏర్లకు మళ్లీ బంగారం చేరింది. ఆ గుట్టల్ని నీటిగొట్టాలతో చిమ్మి కూల్చారు. కొట్టుకొచ్చిన బురద దిగువ పొలాలను ముంచింది. రైతులు కోర్టుకెక్కితే 1884లో న్యాయమూర్తి లోరెంజో సాయర్ ఆ పని ఆపించాడు. నన్నడిగితే, చాలా ఆలస్యంగా ఆపించాడు.

హిమానీనదం పారిన లోయలో మాత్రం ఆశ తగ్గించుకో. దానికి గాలించడం తెలియదు. బండనూ బంగారాన్నీ కలిపి గీకి, కుప్పగా పోస్తుంది. కెనడాలోని క్లాండైక్ అంత సంపన్నం కావడానికి ఓ కారణం, మంచుయుగంలో మంచుపలకలు దాన్ని తాకకపోవడమే. 1896లో అక్కడ బంగారం బయటపడగానే వాగులన్నీ పంచేసుకున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు గుట్టల పక్కల తవ్వుతుంటే పాతకాపులు నవ్వారట. అక్కడా పాత వాగుల మేటలే ఉన్నాయి, వాటిలో బంగారం దండిగా దొరికింది.

వచ్చేసారి ఫీల్డుకెళ్లినప్పుడు గిన్నె తర్వాత తీద్దువుగాని. ముందు, ఏటికంటే ఎత్తులో నునుపు తేలిన గులకరాళ్లు ఎక్కడెక్కడున్నాయో మ్యాపులో గుర్తుపెట్టి, ఆ మ్యాపు నాకు పంపు.

మీ పెదనాన్న