మలదాత ఎవరు కాగలరు?

రక్తదానం గురించి, నేత్రదానం గురించి మీరు చాలా వ్యాసాలు చదివి ఉంటారు. ఈసారి మలదానం గురించి రాస్తామంటే సంచిక పని చూస్తున్న తమ్ముళ్ళు ముందు నవ్వారు, తర్వాత ముక్కు మూసుకున్నారు. మైక్రోబయాలజీ చదువుతున్న మాకు ఇది ఒక పాఠం. ఇంట్లో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. మా తాత మునిసిపాలిటీలో పాకీ పని చేశాడు. విషయం తెలిశాక మా నాయనమ్మ, "దాన్నుంచి తప్పించడానికే గదరా నిన్ను హాస్టల్లో వేసింది" అంది.

సంగతి ఇది. మన పెద్దపేగులో కోట్లాది కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. యాంటీబయాటిక్ మందులు జబ్బు క్రిములతో పాటు వీటిలో మంచివాటినీ చంపుతాయి. అలా ఖాళీ అయిన చోటును క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా ఆక్రమిస్తే విరేచనాలు ఆగవు. మందు వేస్తే తగ్గి, ఆపితే కొందరికి తిరగబెడుతుంది. ఆరోగ్యవంతుడి మలాన్ని సెలైన్‌లో కలిపి, వడపోసి, రోగి పేగులోకి పంపితే మంచి సూక్ష్మజీవులు మళ్ళీ కాపురం పెడతాయి. 1958లో అమెరికాలోని డెన్వర్‌లో బెన్ ఐస్‌మన్ అనే సర్జన్, ఆయన సహచరులు నలుగురు రోగులకు ఎనిమా ద్వారా ఇలా ఇచ్చారు. 2013లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించిన పరిశోధనలో ఈ చికిత్స పొందిన 16 మందిలో 13 మందికి ఒక్కసారితోనే నయమైంది. వాంకోమైసిన్ మందు మాత్రమే వాడిన 13 మందిలో నయమైంది నలుగురికే. తేడా అంత స్పష్టంగా ఉండడంతో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు.

మరి ఎవరిది పడితే వారిది ఇవ్వవచ్చా? అసలు పాఠం ఇక్కడే ఉంది.

దాతను ముందు ప్రశ్నలతో వడపోస్తారు. గత మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడారా? ఈమధ్య పచ్చబొట్టు పొడిపించుకున్నారా? ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉందా? షుగరు, ఊబకాయం, ఉబ్బసం, మానసిక సమస్యలు, లైంగిక సంబంధాలు, జైలు జీవితం, అన్నీ అడుగుతారు. తర్వాత రక్తంలో హెచ్.ఐ.వి., కామెర్ల వైరస్‌లు, సిఫిలిస్ చూస్తారు. మలంలో సాల్మొనెల్లా, షిగెల్లా, జియార్డియా, నోరోవైరస్, నులిపురుగుల గుడ్లు, మందులకు లొంగని బ్యాక్టీరియా వెతుకుతారు. అంతటితో అయిపోలేదు. దాత కొన్ని వారాలు ఇచ్చినదంతా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో దాచి, ఆ తర్వాత దాతకు మళ్ళీ పరీక్షలు చేసి, అప్పుడూ బాగుంటేనే వాడతారు. ఎందుకంటే కొత్తగా సోకిన జబ్బు మొదటి పరీక్షలో దొరకకపోవచ్చు. 2012లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో మొదలైన ఓపెన్‌బయోమ్ అనే మలం బ్యాంకులో దాతలుగా ముందుకొచ్చిన నూరుమందిలో ముగ్గురు కూడా నెగ్గలేదు.

అక్కడ ఒకప్పుడు ఒక్కో నమూనాకు 40 డాలర్లు ఇచ్చేవారని నాయనమ్మకు చెప్పాం. "ఎత్తినోళ్ళకా, ఇచ్చినోళ్ళకా?" అని అడిగింది. ఇచ్చినవాళ్ళకే అన్నాం. ఇంకేమీ అడగలేదు.

ఇంత జాగ్రత్త ఎందుకో 2019లో లోకానికి తెలిసింది. బోస్టన్‌లో ఇద్దరు రోగులకు ఒకే దాత మలంతో చేసిన క్యాప్సూల్స్ ఇచ్చారు. ఇద్దరికీ రోగనిరోధక శక్తి తక్కువ. ఇద్దరి రక్తంలోకీ ఇ.ఎస్.బి.ఎల్. రకం ఇ. కోలి చేరింది. ఒకరు చనిపోయారు. ఈ రకం బ్యాక్టీరియా పెన్సిలిన్‌నే కాదు, మన మెడికల్ షాపుల్లో విరివిగా అమ్మే సెఫిక్సిమ్ వంటి మందులను కూడా విరిచేసే ఎంజైమును తయారు చేసుకుంటుంది. దాతకు ఏ జబ్బూ లేదు, ఏ లక్షణమూ లేదు. ఆ క్యాప్సూల్స్ 2018 చివరిలో చేసినవి. 2019 జనవరిలో ఈ బ్యాక్టీరియా పరీక్షను కొత్తగా చేర్చారు గానీ, అంతకుముందే ఫ్రీజరులో ఉన్నవాటిని పరీక్షించలేదు, పారవేయలేదు. పరీక్ష తెలియక జరిగిన తప్పయితే సరిపెట్టుకోవచ్చు, పరీక్ష ఉండి కూడా పాత డబ్బా తెరిచి చూడకపోవడమే మమ్మల్ని ఎక్కువ బాధించింది. ఆ జూన్‌లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసి, ఇటువంటి పరిశోధనల్లో ఈ పరీక్షను తప్పనిసరి చేసింది.

మన దేశంలో దాత దొరకడం మరింత కష్టం. ఏ జబ్బూ లేనివారి పేగుల్లో కూడా ఇక్కడ ఇ.ఎస్.బి.ఎల్. బ్యాక్టీరియా తరచుగా కనిపిస్తోంది. చీటీ లేకుండా మందులు కొని మింగే అలవాటు దానికి ఒక కారణం.

పాఠం అయ్యాక మా గదిలోని ఆరుగురం ఆ ప్రశ్నాపత్రాన్ని నిజాయితీగా నింపి చూసుకున్నాం. ఒక్కరమూ నెగ్గలేదు. ఒకడికి కొత్త పచ్చబొట్టు, ఒకడికి ఉబ్బసం. మిగిలిన నలుగురం యాంటీబయాటిక్ దగ్గరే ఆగిపోయాం. మొన్న వానల్లో మోషన్స్ పట్టుకుంటే మెడికల్ షాపులో అడిగి ఆఫ్లాక్సాసిన్ మాత్రలు రెండు వేసుకున్నాం, మర్నాటికి తగ్గగానే మానేశాం. మైక్రోబయాలజీ పుస్తకం తలగడ కింద పెట్టుకునే ఆ పని చేశాం!

ఆ మాత్రలు వేసుకున్న తేదీని గోడ క్యాలెండరు మీద రాసి పెట్టాం. సంక్రాంతికి మూడు నెలలు నిండుతాయి, అప్పుడు మళ్ళీ నింపుతాం. పాశ్చాత్య దేశాల పత్రంలో మాత్రం ఇంకో ప్రశ్న ఉంది: విరేచనాల వ్యాధులు ఎక్కువగా ఉన్న దేశాలకు ఈమధ్య వెళ్ళారా? మేం ఎక్కడికీ వెళ్ళలేదు, ఇక్కడే ఉంటున్నాం.