చిరంజీవికి: హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్ గురించి

హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్ చూసేటప్పుడు ముందు తేల్చుకోవలసింది నీళ్ల సంగతి. గదులు, బాల్కనీ, అద్దె ఆ తరువాత. ఈ నగరానికి సరిపడా నీళ్లు దగ్గర్లో లేవు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. ఊరు పెరిగేకొద్దీ అవి చాలక మంజీరా నీళ్లు తెచ్చుకున్నారు, 2004 నుంచి కృష్ణా, 2015 నుంచి గోదావరి నీళ్లు కూడా వచ్చి చేరాయి. ‘మంజీరా ఉంది’ అని ఓనరు చెబితే కుళాయి నీళ్ల కనెక్షన్ ఉందని అర్థం చేసుకోవాలి. అవి ఏ నది నీళ్లైనా కావచ్చు. చాలా కాలనీల్లో ఈ నీళ్లు రోజు విడిచి రోజు, కాసేపే వస్తాయి. వాటిని సంపులో పట్టి మోటారుతో పైట్యాంకుకు ఎక్కిస్తారు. చాలకపోతే బోరు, బోరు ఎండితే ట్యాంకరు.

అందువల్ల ఫ్లాట్ చూడటానికి వెళ్లినవారు వాచ్‌మన్‌నూ, పక్క ఫ్లాట్ వారినీ అడిగి తెలుసుకోవాలి. కుళాయి నీళ్లు వంటింట్లోకి విడిగా వస్తాయా, బోరు నీళ్లతో కలిసే వస్తాయా? ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు తెప్పిస్తారా? ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే ఉంటుందా, నెలనెలా విడిగా పంచుతారా? ఈ చివరి ప్రశ్న అడగకుండా దిగినవారికి ఎండాకాలంలో నెల ఖర్చు లెక్క తప్పుతుంది. కుళాయి మూతుల చుట్టూ తెల్లటి పొర పేరుకుని ఉంటే అది కఠిన జలం. గీజరు త్వరగా పాడవుతుంది, పప్పు సరిగా ఉడకదు. నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో వచ్చింది గానీ, దానికి మీటరు, ఆధార్ అనుసంధానం కావాలి. ఆ బిల్డింగుకు అది వర్తిస్తోందో లేదో కూడా కనుక్కోవాలి.

నీళ్లు లేకపోవడం ఒక బాధైతే, వద్దన్న చోటికి రావడం మరొకటి. 2020 అక్టోబరు వానలకు చెరువు శిఖం భూముల్లో, నాలాల పక్కన లేచిన కాలనీలు రోజుల తరబడి మునిగిపోయాయి. వానలో సెల్లారులోకి నీళ్లు వస్తాయా అన్న ప్రశ్న ఓనరును కాకుండా వీధిలోని కిరాణా కొట్టు ఆయన్ని అడగడం మేలు. ఇక ఎండ సంగతికొస్తే, పడమటి గోడకు నీడ లేని పై అంతస్తు ఫ్లాట్ వేసవి రాత్రుల్లో కూడా వేడి వదలదు. ఇలాంటి ఫ్లాట్‌ను సాయంత్రం నాలుగింటికి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఒప్పందం సాధారణంగా 11 నెలలకు రాసుకుంటారు. ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి కాబట్టి ఈ ఆనవాయితీ వచ్చింది. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఎంత పట్టుకుంటారు, నోటీసు ఎన్ని నెలలు, అద్దె ఏటా ఎంత పెరుగుతుంది అనే నాలుగూ కాగితం మీదే ఉండాలి. నోటిమాటగా ఒప్పుకున్నది ఖాళీ చేసే రోజున గొడవకు దారి తీస్తుంది. ఎంత మంచి ఓనరైనా సరే, అడ్వాన్సు నగదుగా కాక బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే, హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోసం ఆఫీసులో ఓనరు పాన్ నంబరు అడుగుతారు. దాన్ని సంతకాల రోజే తీసుకోవాలి.

తాళాలు చేతికి వచ్చిన రోజు సామాను దించకముందే గోడల మీది చెమ్మ, పగిలిన టైళ్లు, పనిచేయని స్విచ్‌లు ఫోటో తీసి ఓనరుకు పంపాలి. కరెంటు మీటరు రీడింగు కూడా అలాగే. పాత బకాయి ఏదైనా ఉంటే అప్పుడే తేలిపోతుంది. పాలు పొంగించడానికి పొయ్యి కావాలి, గ్యాస్ కనెక్షన్ బదిలీకి కొన్ని రోజులు పట్టవచ్చు. ఆలోగా గుర్తింపు కార్డు చూపి 5 కిలోల చిన్న సిలిండరు కొనుక్కోవచ్చు.

బిల్డింగులో మొదటి వారంలోనే పరిచయం చేసుకోవలసిన వారు ముగ్గురు: వాచ్‌మన్ కుటుంబం, అసోసియేషన్ కార్యదర్శి, ఎదురింటివారు. రాత్రి మోటారు కాలినా, తాళం లోపల పడిపోయినా, జ్వరం వచ్చి లేవలేకపోయినా ముందుగా పలికేది వాళ్లే. ఒంటరిగా ఉండే కుర్రవాళ్లకూ అమ్మాయిలకూ ఇది మరీ అవసరం. వాచ్‌మన్‌ను వయసును బట్టి ‘అన్నా’ అనో ‘బాబాయ్’ అనో పిలిచి, పేరు కూడా తెలుసుకోవాలి. చెత్త ఎన్ని గంటలకు పట్టుకెళ్తారో ఆయన్నే అడిగి, తడి చెత్త, పొడి చెత్త విడిగా ఇవ్వాలి.

నెల తిరిగేలోపు చిరునామా మార్పులు మొదలుపెట్టాలి. ముందు బ్యాంకు, ఆధార్. ఓటు కొత్త నియోజకవర్గానికి మార్చుకోవడానికి ఫారం 8 ఉంది, ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. ఎన్నికలు దగ్గరపడ్డాక పెడితే పేరు జాబితాలో చేరే సమయం ఉండదు.

ఆశీస్సులతో,
పెదనాన్న