కంది గింజకూ పరీక్షలుంటయి

ఈసారి విత్తనాలకు పెట్టే పరీక్షల గురించి రాస్తున్నాను.

మన జిల్లాలో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ ఉన్నది. 1972లో స్థాపించారు. బస్సులో పోతూ ఫ్యాక్టరీల పొగ చూస్తాం గానీ, అక్కడ గోడ లోపల జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ చేన్లు ఉన్నాయని చాలామందికి తెలియదు.

కొత్త వంగడం తయారైతే వెంటనే రైతుకు ఇవ్వరు. రైతులు ఇదివరకే వేస్తున్న ఒక రకాన్ని దాని పక్కన వేస్తారు. దాన్ని 'చెక్' అంటారు. కొత్తది ఎంత పండింది అని కాదు, చెక్ కంటే ఎంత ఎక్కువ పండింది అని చూస్తారు. ఎందుకంటే వాన మంచిగ పడిన ఏడు ఏ విత్తనమైనా పండుతది కదా!

ఎండు తెగులు పరీక్ష ఇంకా విచిత్రం. ఈ తెగులు మట్టిలోని శిలీంధ్రం వల్ల వస్తుంది. అందుకని శాస్త్రవేత్తలు కావాలనే ఒక రోగం మడి తయారు చేస్తారు. తెగులుతో చచ్చిన కంది కట్టెను ముక్కలు చేసి అదే మట్టిలో కలుపుతారు. కొత్త రకాల మధ్య మధ్య ఐ.సి.పి. 2376 అనే కందిని ఒక్కొక్క వరుస వేస్తారు. అది ఈ తెగులుకు ఆగదు. అది చావకుంటే మట్టిలో రోగం సరిగ్గా లేనట్టే, పరీక్ష చెల్లదు. పాపం, చావడానికే దాన్ని వేస్తరు. 'మారుతి' అనే రకం ఈ మడిలో నిలబడుతది. కానీ పూత రాకుండా చేసే వెర్రి తెగులు మడిలో అదే ఓడిపోయే చెక్! 1993లో విడుదలైన 'ఆశ' కంది రెండింటినీ తట్టుకుంటది.

తరువాత దేశంలో చాలాచోట్ల, ఎర్ర నేలల్లో, నల్లరేగడిలో వేసి చూస్తారు. ఇట్లా మూడేండ్లు. (మనకైతే ఒక్క యూనిట్ టెస్టుకే ర్యాంకు.) ఏ మడిలో ఏ రకం వేయాలో మనిషి ఇష్టం కాదు, చీటీలు తీసినట్టు నిర్ణయిస్తారు.

ఇది చదివినంక మా బాపు చేసిన తప్పు నాకు అర్థమైంది. ఒక ఏడు ఇంటి కందులు రాళ్ల చెలకలో వేసిండు, దుకాణం విత్తనం కుంట కింద వేసిండు. కుంట కిందిది ఎక్కువ పండింది. ఇంటి విత్తనం పనికిరాదని అంతా పప్పు చేసినం. మరుసటి ఏడు దుకాణం కంది సగం చేను నిలువునా ఎండిపోయింది. అమ్మ గట్టు మీద కూసుండి ఏడ్చింది.

పక్క తండాలో మా పెద్దమ్మ సొరకాయ బుర్రలో బూడిద కలిపి ఆ పాత కందులు రెండు సోలెలు దాచింది. సెలవుల్లో పోయి అడిగిన, ఒక సోలెడు ఇచ్చింది. ఈ వానాకాలం రెండు రకాలూ చెలకలో కొన్ని సాళ్లు, కుంట కింద కొన్ని సాళ్లు పక్కపక్కనే వేస్తానని బాపు ఒప్పుకున్నడు. చీటీలు మా చిన్న చెల్లె తీస్తది. కోత అయినంక తూకం ఎంత వచ్చిందో ఈ గోడ మీదనే రాస్తాను.