బోల్టు బిగించే ముందు

మల్కాజ్‌గిరి,
ఆదివారం రాత్రి.

చిన్నీ,

కరీంనగర్ క్షేమంగా చేరానని నీ ఫోన్ వచ్చాకే అన్నం తిన్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. అత్తయ్యకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. వానలకి ఆనంద్‌బాగ్ రోడ్డు మళ్లీ గుంతలు పడింది.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకు. పొద్దున నువ్వు బయల్దేరినప్పుడు మన వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్ దిగుతూ కారు ముందు భాగం డుబ్బుమంది. గేటు దగ్గరున్న నాకే వినపడితే లోపల కూర్చున్న నీకు వినపడలేదా? బ్రేకు వేస్తే ఎడమకి లాగుతోందని అత్తయ్యతో అన్నావట. నాతో ఎందుకు చెప్పలేదు తల్లీ? సరేలే, చెబితే నేను రాత్రంతా నిద్రపోనని ఊరుకున్నావేమో.

ఆ శాంట్రో 2005లో నేను కొన్నది. దాని చప్పుళ్లు నాకు తెలుసు. నా లెక్క ప్రకారం లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయాయి. చక్రాన్ని బండికి పట్టి ఉంచేది ఆ ఆర్మే. అది బండిని కలిసేచోట బొటనవేలంత ఇనుప గొట్టం, దాని చుట్టూ రబ్బరు, పైన మరో గొట్టం, అంతే బుష్ అంటే. ఆ రబ్బరు చిరిగితే బ్రేకు వేసినప్పుడల్లా చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది. టైరు ఒక అంచునే అరుగుతుంది. రాజీవ్ రహదారి మీద లారీల మధ్య నువ్వు గట్టిగా బ్రేకు తొక్కాల్సి వస్తే ఏమిటన్న ఆలోచనే నన్ను కూర్చోనివ్వడం లేదు.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేరిన కొత్తలో నా చేతికి మొదట ఇచ్చిన పని ఇలాంటిదే. 1893 నాటి వర్క్‌షాపు అది. పెట్టె కింద బోగీలో యాంకర్ లింకు అని ఉంటుంది, దాని రెండు చివర్లా సైలెంట్ బ్లాకులు, అవీ ఇలాంటి రబ్బరు బుష్‌లే. మా పెద్ద ఫిట్టరు ఒకటి నా చేతిలో పెట్టి, లోపలి గొట్టంలో రాడ్డు దూర్చి తిప్పమన్నాడు. గొట్టం జారలేదు. రబ్బరే మెలిపడి, వదలగానే తిరిగి వచ్చింది. ‘ఇది కీలులాగా తిరగదురా, మెలిపడుతుంది. గ్రీజు పెట్టావంటే చంపినట్టే’ అన్నాడు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

అన్నీ తెలిసి కూడా నేను తప్పు చేశాను. ఈ కారుకే, మొదటిసారి బుష్‌లు మార్చినప్పుడు. మర్నాడు యాదగిరిగుట్ట వెళ్లాలన్న తొందరలో మన వాకిట్లోనే జాకీ ఎత్తి, చక్రం గాల్లో వేలాడుతుండగానే బోల్టులు బిగించేశాను. కారు కిందికి దించగానే రబ్బరు మెలిపడిపోయింది. ఊరికే నిలబెట్టినా అది మెలికలోనే ఉంది. నాలుగు నెలలకే చిరిగింది. సరుకు మంచిది కాదని రాణిగంజ్ వెళ్లి వాటిని అమ్మిన దుకాణదారుతో గొడవపడ్డాను. పెద్దాయన. చిరిగిన బుష్‌ని వెలుతురుకి పట్టి, చీలికలన్నీ ఒకే వాటంగా పడ్డాయని చూపించి, ‘గాల్లో బిగించారా?’ అని మాత్రం అడిగాడు. ఆయన ముందు నేను తలెత్తలేకపోయాను. మరుసటి వారం వెళ్లి క్షమించమని అడిగి వచ్చాను.

అందుకే చెబుతున్నాను, పని జరిగేటప్పుడు నువ్వు అక్కడే నిలబడు. మెకానిక్‌కి చెప్పడానికి మొహమాటపడకు. ముందు రాడ్డు పెట్టి ఆర్మ్‌ని ఎత్తి చూడమను, రబ్బరు పగులు బయటపడుతుంది. లింక్ రాడ్డు కూడా అలాగే చప్పుడు చేస్తుంది కాబట్టి చూడకుండా ఏదీ మార్చనివ్వకు. బుష్‌ని సుత్తితో కొట్టి ఎక్కించనివ్వకు, ఆర్మ్ నోరు వంకరపోతుంది. ప్రెస్ ఉన్న లేత్ షాపుకి పంపమను. జారడానికి సబ్బునీళ్లు చాలు. పాత బుష్ తీసేముందు అది ఎటు తిరిగి ఉందో ఆర్మ్ మీద గీత పెట్టమను. బాల్ జాయింట్ కూడా వదులైతే ఈ తిప్పలేవీ వద్దు, ఆర్మ్ మొత్తం కొత్తది వేయించు, డబ్బు నేను పంపుతాను. రెండు వైపులా మార్చాలి, ఒకవైపు మార్చి ఊరుకోకు.

బోల్టులు మొదట చేత్తో పట్టేదాకే. చక్రాలు వేసి, కారు దించి, ముందు భాగాన్ని నాలుగుసార్లు నొక్కి వదిలాక, బండి బరువంతా చక్రాల మీద ఉండగా అప్పుడు బిగించాలి. చక్రాల మీదే నిలబెట్టి ఎత్తే ర్యాంపుగానీ, దిగి పనిచేసే గుంటగానీ ఉన్న చోటికే తీసుకెళ్లు. వట్టి జాకీ మీద కారు కిందికి ఎవరినీ దూరనివ్వకు, నువ్వైతే అసలే దూరకు. ఆఖరున వీల్ అలైన్‌మెంట్ చేయించు.

ఈ వారంలోనే చేయించు తల్లీ. అప్పటిదాకా ఆఫీసుకి బస్సులో వెళ్లు. మళ్లీ మీ మామయ్య మొదలుపెట్టాడని మీ అమ్మకి ఫోన్ చేస్తావు, తెలుసు. చెయ్యి, కానీ పని చేయించాక.

తీసేసిన పాత బుష్‌లు పారేయనివ్వకు. డిక్కీలో వేసుకుని బతుకమ్మకి వచ్చేటప్పుడు తీసుకురా. అవి ఎటు చిరిగాయో నేను చూడాలి.

నీ
మామయ్య