కొత్త డిస్కు

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో "నాన్నా, 4 టీబీ డిస్కు బిగించా, ఎక్కడా కనబడట్లేదు" అన్నావు చూడు, ఆ గొంతు వినగానే ఆరో తరగతిలో సైకిల్ చైను ఊడదీసి నల్లటి చేతులతో గుమ్మంలో నిలబడ్డ నువ్వే గుర్తొచ్చి నవ్వొచ్చింది; విప్పడానికి జంకవు, బిగించేటప్పుడే నాన్న కావాలి నీకు. ఫోన్లో చెబితే సగమే వింటావని రాస్తున్నాను.

ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి ఊరికే చూడు. పాతది ఎస్‌డీఏ, కొత్తది ఎస్‌డీబీ అని కనబడొచ్చు గానీ ఆ పేర్లని నమ్మకు తల్లీ, బంతిలో కూర్చున్న పిల్లల్లా బూట్ అయినప్పుడల్లా చోట్లు మార్చుకోగలవు. సైజూ మోడలూ చూసుకో. 3.6 అని చూపిస్తే షాపువాణ్ణి తిట్టకు, వాళ్ళది వెయ్యి లెక్క, మెషీనుది 1024 లెక్క.

ఈ చాదస్తం ఎందుకంటే, పాలిటెక్నిక్ ల్యాబులో ఉన్నప్పుడు, పరీక్షల ముందు ఒక సాయంత్రం, ఇంటికెళ్ళే తొందరలో, కొత్త డిస్కనుకుని పిల్లల ప్రాజెక్టులున్నదాని మీద ఎంకేఎఫ్ఎస్ కొట్టేశాను. ఎంటర్ మీంచి వేలు తియ్యకముందే తెలిసిపోయింది. మర్నాడు క్లాసులో నోరు పెగల్లేదు. అప్పుడు వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని ఒక పిల్ల లేచి, పాత టిఫిన్ డబ్బా నిండా ఫ్లాపీలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఎవరూ అడక్కుండానే వారం వారం అందరివీ కాపీ చేసి, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో రోల్ నంబరు రాసి దాచిందట. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సంగతి విని మీ అమ్మ మర్నాడు అదే డబ్బా నిండా పులిహోర కలిపి పంపింది.

సరే, పార్టెడ్‌లో జీపీటీ లేబులే పెట్టు, పాత ఎంబీఆర్‌కి 2 టీబీ దాటితే చూపానదు. ఈఎక్స్‌టీ4 చేసేటప్పుడు అది రూట్ కోసం 5 శాతం తీసి దాస్తుంది, నీ డిస్కులో అది 200 జీబీ. సామాన్లు పెట్టుకునే డిస్కుకి అంత అక్కర్లేదు, 1 చాలని చెప్పు. ఎఫ్ఎస్‌ట్యాబ్ ముట్టుకునే ముందు దానికో కాపీ తీసి, ఎస్‌డీబీ అని కాకుండా బ్లాక్‌ఐడీ చూపించే యూయూఐడీ రాసి, పక్కన నోఫెయిల్ చేర్చు, ఎప్పుడైనా ఆ డిస్కు మొరాయిస్తే మెషీను దానికోసం బూటు ఆపుకుని కూర్చోకుండా. రీబూట్ చెయ్యకముందే మౌంట్ మైనస్ ఏ కొట్టి చూసుకో, తప్పుంటే చాలావరకు అక్కడే బయటపడుతుంది.

అన్నట్టు, సగం చోటు నీ రూమ్మేట్ థీసిస్ వీడియోలకి ఇస్తానన్నావట, అమ్మ చెప్పింది. నాతో అనలేదేం? కొత్త డిస్కు రూట్ సొత్తుగానే లేస్తుంది కాబట్టి, ఆ పిల్ల పేర ఒక ఫోల్డరు చేసి చౌన్ కొట్టి తనకే అప్పగించు, ప్రతిసారీ నిన్ను అడగాలంటే మొహమాటపడుతుంది.

అరిసెలు కొరియర్ చేశాం, తనకీ పెట్టు.

నాన్న